ఎక్కడ ఉన్నారో చెప్పగలరా?

ఆపదలో ఉన్నవారి స్థానాన్ని అంకెలు చెబుతాయి. అయితే ఆ అంకెలకు మూడు నాలుగు రూపాలున్నాయి. ఏ రూపమో చెప్పకుండా పంపిన అంకె సగం సందేశమే.

2008 ఆగస్టు 3వ తేదీన హైదరాబాదులోని బేగంపేట విమానాశ్రయం నుండి ఒక బెల్ 430 హెలికాప్టరు చత్తీస్‌గఢ్ దిశగా బయలుదేరింది. అందులో నలుగురు ఉన్నారు. హెలికాప్టరు గమ్యం చేరలేదు. అది వానాకాలం. మబ్బులు ఆకాశాన్ని, ఆకులు నేలను కప్పివేసిన రోజులు. గాలింపు వారాల తరబడి సాగింది. శకలాలు బయటపడినది నవంబరు నెలలో, నాటి ఖమ్మం జిల్లా వెంకటాపురం ప్రాంతపు కొండ అడవుల్లో. నలుగురిలో ఒక్కరూ మిగలలేదు.

మరుసటి సంవత్సరం సెప్టెంబరు 2న ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి, మరి నలుగురు ప్రయాణిస్తున్న హెలికాప్టరు నల్లమల మీద అదృశ్యమయింది. రాష్ట్రమంతా ఊపిరి బిగబట్టి ఎదురుచూసింది. వైమానిక దళం, కేంద్ర రిజర్వు పోలీసులు, అంతరిక్ష సంస్థ కలిసి వెదకినా శిథిలాలు కనుగొనేసరికి మరునాటి ఉదయమయింది.

ఈ రెండు సందర్భాల్లోనూ వెదకేవారికి అన్నిటికంటె ముందు కావలసినది ఒకటే: ఆ స్థానం ఎక్కడ? ఆ సమాధానం చెప్పగల పరికరం నేడు సామాన్యుని చొక్కా జేబులో ఉన్నది. అడవిలో దారి తప్పిన పశువుల కాపరి, వరదలో చిక్కిన బస్సు డ్రైవరు, కొండమీద కాలు విరిగిన విద్యార్థి తమ ఫోనులో కొన్ని అంకెలను చూసి పైకి చదవగలరు. కాని అంకెలు తెరమీద కనబడడం ఒక సంగతి. అవి చెక్కుచెదరకుండా రక్షకుని చెవికి, అక్కడ నుండి అతని పటానికి చేరడం మరొక సంగతి.

చింతచెట్టు గురుతు చాలని చోట

ఊళ్ళో అయితే ఈ చిక్కు లేదు. “రామాలయం వెనుక సందు, చింతచెట్టు ప్రక్క ఇల్లు” అంటే చాలు, అంబులెన్సు వచ్చి వాలుతుంది. బస్తర్ అడవిలో ఏ చింతచెట్టని చెప్పగలం?

బస్తర్ తెలుగువారికి క్రొత్త చోటు కాదు. కాకతీయ సామ్రాజ్యం కూలిన తరువాత ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు అక్కడికి వెళ్ళి రాజ్యం స్థాపించాడని ఆ వంశ చరిత్ర చెబుతుంది. జగదల్‌పూర్ ఆ రాజ్యానికి కడపటి రాజధాని. నేటికీ 30వ నంబరు జాతీయ రహదారి జగదల్‌పూర్ నుండి కొంటా, భద్రాచలం మీదుగా విజయవాడ వైపు దిగి వస్తుంది. పట్టణాన్ని ఒరుసుకొని పారే ఇంద్రావతి గోదావరిలో కలుస్తుంది. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు పెరిగినప్పుడు ఆ నీటిలో బస్తర్ వానలకూ వాటా ఉన్నది. 2025 ఆగస్టు చివరి వారంలో బస్తర్, దంతెవాడ జిల్లాలే వరదల పాలయినవి.

అటువంటి వేళ వంతెనలు తెగుతాయి, కరెంటు పోతుంది, ఫోను స్తంభాలు మూగవోతాయి. అప్పుడు మాట మోయగలిగినది రేడియో. కేంద్ర ప్రభుత్వపు అనుమతి పత్రం పొంది, స్వంత ఉత్సాహంతో రేడియో నడిపే అమెచ్యూర్ రేడియో వారిని లోకం ‘హామ్’లంటుంది. వీరికి శిక్షణనిచ్చే జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ 1983లో హైదరాబాదులో ఏర్పడింది. 2004 డిసెంబరులో ఆ సంస్థ తరఫున భారతీ ప్రసాద్ నాయకత్వాన ఒక బృందం పోర్ట్ బ్లెయిర్‌లో రేడియో కేంద్రం నడుపుతూ ఉండగానే, 26వ తేదీ ఉదయం సునామీ విరుచుకు పడింది. దేశ దేశాల హామ్‌లతో పలకరింపులకై వెళ్ళిన బృందం ఆ క్షణం నుండి ఆపన్నుల వార్తలు మోసే బృందమయింది.

అటువంటి సేవకునికి గొంతు, యంత్రం, ఓర్పు ఉంటే చాలవు. స్థానాన్ని చెప్పే అంకెల భాష కూడా రావాలి.

ఒకే చోటు, మూడు వ్రాతలు

భూమిమీద ఏ చోటునైనా రెండు కొలతలు నిర్ణయిస్తాయి. భూమధ్యరేఖకు ఎంత ఉత్తరాన లేక దక్షిణాన ఉన్నదో చెప్పేది అక్షాంశం. ఇంగ్లండులోని గ్రీనిచ్ రేఖకు ఎంత తూర్పున లేక పడమర ఉన్నదో చెప్పేది రేఖాంశం. గడియారంలో గంటవలెనే ఇక్కడ డిగ్రీని 60 నిమిషాలుగా, నిమిషాన్ని 60 సెకన్లుగా విభజించారు. చిక్కంతా ఈ అరవైలను వ్రాసే పద్ధతిలో ఉన్నది.

జగదల్‌పూర్‌కు పడమరగా సుమారు 38 కిలోమీటర్ల దూరాన ఇంద్రావతి 29 మీటర్ల ఎత్తునుండి గుర్రపు లాడం ఆకారంలో దూకుతుంది. అదే చిత్రకోట జలపాతం. దాని స్థానాన్ని మూడు విధాలుగా వ్రాయవచ్చు.

మొదటిది డిగ్రీలు, నిమిషాలు, సెకన్లు: ఉత్తరం 19° 12′ 23″, తూర్పు 81° 42′ 00″. పాత పటాల్లో, భూగోళ పుస్తకాల్లో కనబడేది ఇదే.

రెండవది డిగ్రీలు, దశాంశ నిమిషాలు: ఉత్తరం 19° 12.383′, తూర్పు 81° 42.000′. నావికులు, విమాన చోదకులు దీనికి అలవాటుపడినవారు. అక్షాంశంలో ఒక నిమిషం ఒక నాటికల్ మైలుకు, అంటే 1,852 మీటర్లకు, దాదాపు సమానం కావడం దీని సౌలభ్యం.

మూడవది దశాంశ డిగ్రీలు: ఉత్తరం 19.2064°, తూర్పు 81.7000°. ఫోనులోని పటాలు సాధారణంగా దీనినే చూపుతాయి.

మూడూ ఒకే చోటు. లెక్క కూడా సులభమే. 23 సెకన్లను 60తో భాగిస్తే 0.383 నిమిషం. దానికి 12 కలిపి 12.383ను మళ్ళీ 60తో భాగిస్తే 0.2064 డిగ్రీ. ప్రాథమిక పాఠశాల గణితమే.

ముప్పది ఒక్క కిలోమీటర్ల తప్పు

ఇప్పుడు ఒక దృశ్యాన్ని ఊహించండి. చిత్రకోట దగ్గర ఎవరో నీటిలో చిక్కుకున్నారు. ఒడ్డున ఉన్న వ్యక్తి తన పరికరంలో చూసి, “పంతొమ్మిది, పన్నెండు, ఇరవైమూడు, ఎనభై ఒకటి, నలభై రెండు, సున్న సున్న” అని చదివాడు. డిగ్రీ, నిమిషం అనే మాటలు పలకలేదు. అటు వినే మనిషి తొందరలో 19.1223, 81.4200 అని వ్రాసుకొని పటంలో ఎక్కించాడు.

పటం అభ్యంతరం చెప్పదు. అది ఒక చక్కని బిందువును చూపుతుంది. ఆ బిందువు జలపాతానికి నైరుతి దిశలో దాదాపు 31 కిలోమీటర్ల దూరాన, పురాతన ఆలయాల ఊరు బార్సూరుకు చేరువగా ఉంటుంది! పడవతో బయలుదేరిన జట్టు మరొక జిల్లాలోనికి వెళ్ళి నిలబడుతుంది. ఎవరూ అబద్ధమాడలేదు, ఒక్క అంకె కూడా మారలేదు. మారినది రూపం మాత్రమే.

చిన్న పొరపాటు మరింత మోసకారి. 12.383 నిమిషాలను ఎవరైనా 12 నిమిషాల 38.3 సెకన్లుగా తీసుకుంటే తేడా దాదాపు 470 మీటర్లు. పటం మీద అది కంటికి ఆనదు. కాని వరద నదికి ఆవలి ఒడ్డుకూ ఈవలి ఒడ్డుకూ మధ్య అంతకంటె తక్కువ దూరమే ఉండవచ్చు.

రూపం మారడం ఎంతటి అనర్థానికి ముంగిలి కాగలదో 2001 డిసెంబరు 5న ఆఫ్ఘనిస్తాన్‌లోని కాందహార్‌కు ఉత్తరాన వెల్లడయింది. అమెరికా సైనికుడొకడు శత్రు స్థానాన్ని మొదట ఒక రూపంలోను, తరువాత వచ్చిన మరొక విమానం కోసం దశాంశ డిగ్రీల్లోను లెక్కించవలసి వచ్చింది. ఆ నడుమ పరికరంలో బ్యాటరీ మార్చవలసి వచ్చింది. తిరిగి వెలిగిన పరికరం శత్రువు స్థానాన్ని కాక, తాను ఉన్న స్థానాన్నే తెరమీద చూపింది. ఆ అంకెలే విమానానికి అందాయి. బాంబు స్వపక్షం మీదనే పడింది. ముగ్గురు అమెరికను సైనికులు, కొందరు ఆఫ్ఘన్ యోధులు మరణించారు. తరువాత ఆ దేశాధ్యక్షుడైన హమీద్ కర్జాయ్ స్వల్పంగా గాయపడ్డాడు. తెరమీది అంకెలు ఏ చోటువో మరొక్కసారి సరిచూసుకొనే వ్యవధి ఆ క్షణంలో లభించలేదు.

తప్పును పట్టే చిన్న కిటుకులు

అదృష్టవశాత్తు భారతదేశపు భూగోళమే మనకు కొన్ని కాపలాలు పెట్టింది.

దేశంలో అక్షాంశాలు 6 నుండి 37 వరకు ఉంటాయి; రేఖాంశాలు 68 నుండి 97 వరకు. ఈ రెండు వరుసలు ఎక్కడా కలియవు. కనుక చిన్న సంఖ్య ఎప్పుడూ ఉత్తరానిది, పెద్ద సంఖ్య ఎప్పుడూ తూర్పుది. కొన్ని కంప్యూటరు ప్రక్రియలు రేఖాంశాన్ని ముందు వ్రాస్తాయి. ఆ వరుస తెలియక తారుమారు చేస్తే జగదల్‌పూర్ స్వాల్‌బార్డ్ ద్వీపాలకు కూడా ఉత్తరాన, ఆర్కిటిక్ సముద్రంలో తేలుతుంది.

రెండవ కాపలా అరవై. నిమిషాల స్థానంలో గాని, సెకన్ల స్థానంలో గాని 60 లేక అంతకు మించిన సంఖ్య వస్తే అవి నిమిషాలు, సెకన్లు కానేకావు. ‘81.70’లోని 70ని ఎవరైనా నిమిషాలని వ్రాసుకుంటే అక్కడే ఆగి అడగాలి. అయితే 60కి లోపు ఉన్నంత మాత్రాన అది నిమిషమేనని నమ్మడానికి వీలులేదు.

మూడవది అంకెల పొడవు. దశాంశ డిగ్రీల్లో బిందువు తరువాత మూడు అంకెలు దాదాపు 110 మీటర్లను, నాలుగు దాదాపు 11 మీటర్లను, అయిదు ఒక మీటరు పై చిల్లరను సూచిస్తాయి. ఆరుబయట మంచి ఫోను ఇచ్చే ఖచ్చితత్వం సుమారు 5 మీటర్లు. దట్టమైన చెట్ల క్రింద, లోయల్లో అది ఇంకా సన్నగిల్లుతుంది. కాబట్టి మనిషిని వెదకడానికి నాలుగైదు అంకెలు చాలు. తెర చూపే ఏడెనిమిది అంకెలను రేడియోలో చదవడం వలన ఖచ్చితత్వం పెరగదు; పొరపాటుకు అవకాశం మాత్రం పెరుగుతుంది.

పాత పటం, క్రొత్త ఉపగ్రహం

రూపం కుదిరినా మరొక పొంచివున్న చిక్కు ఉన్నది. కొలతకు ఆధారమైన భూగోళపు నమూనా ఏది?

1802లో విలియం లాంబ్టన్ మద్రాసు వద్ద ఆరంభించిన మహా త్రికోణమితి సర్వే భారతదేశాన్ని అంగుళం అంగుళం కొలిచింది. అతని తరువాత పగ్గాలు చేపట్టిన జార్జి ఎవరెస్టు తొలి రోజుల్లో కృష్ణా గోదావరుల నడిమి అడవుల్లో పనిచేసి, జ్వరాన పడి, కోలుకొనడానికి దక్షిణాఫ్రికాకు వెళ్ళవలసి వచ్చింది. అతని పేర నిలిచిన 1830 నాటి ఎవరెస్టు గోళాభం మీదనే మన పాత సర్వే పటాలు తయారయినవి. జి.పి.ఎస్. ఉపగ్రహాలు వాడేది డబ్ల్యు.జి.ఎస్. 84 అనే వేరొక నమూనా. బస్తర్ ప్రాంతంలో ఈ రెండింటి నడుమ వ్యత్యాసం సుమారు 200 మీటర్లు. 2005 నాటి జాతీయ పటాల విధానం ప్రకారం పౌరుల కోసం ముద్రించే పటాలు క్రొత్త నమూనాకు మారాయి. కాని తాతల నాటి పటాన్ని గోడకు తగిలించుకొన్న కార్యాలయంలో ఫోను అంకెను ఆ పటం మీద గుర్తించే ముందు, దాని అంచున వ్రాసిన నమూనా పేరు చదవడం మంచిది.

గడుల లెక్క

డిగ్రీలు లేకుండా చదరపు గడులతో స్థానం చెప్పే పద్ధతులు కూడా ఉన్నాయి. యు.టి.ఎం. అనే పద్ధతిలో భూగోళాన్ని 6 డిగ్రీల వెడల్పుగల 60 పట్టీలుగా విభజించి, మీటర్లలో దూరాలు చెబుతారు. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం, జగదల్‌పూర్ అన్నీ 44వ పట్టీలోనివి. అనంతపురం 43వ పట్టీలో, ఇచ్ఛాపురం 45వ పట్టీలో పడతాయి. జగదల్‌పూర్ పట్టణానికి తూర్పు కొలత దాదాపు 608 కిలోమీటర్లు, ఉత్తరపు కొలత దాదాపు 2,109 కిలోమీటర్లు. అయితే పట్టీ సంఖ్య చెప్పకపోతే ఇవే అంకెలు ప్రతి పట్టీలోను ఒక చోటును చూపుతాయి. ఇంటి నంబరు చెప్పి ఊరి పేరు దాచినట్లే.

హామ్‌లు పరస్పరం చెప్పుకొనే మెయిడెన్‌హెడ్ గడుల్లో జగదల్‌పూర్ ‘ఎన్ కె 1 9 ఎ బి’. ఆరు అక్షరాల్లో ముగిసే ఈ చిరునామా రేడియోలో చెప్పడానికి హాయిగా ఉంటుంది. కాని ఆ గడి ఇక్కడ దాదాపు 9 కిలోమీటర్ల పొడవు, నాలుగున్నర కిలోమీటర్ల వెడల్పు. ఏ ఊరివారితో మాట్లాడుతున్నామో తెలుసుకొనడానికి అది చాలు. బావిలో పడిన మనిషిని వెదకడానికి చాలదు.

2025 మే 27న తపాలా శాఖ ‘డిజిపిన్’ను ప్రవేశపెట్టింది. హైదరాబాదులోని ఐ.ఐ.టి., అంతరిక్ష సంస్థకు చెందిన జాతీయ దూరసంవేదన కేంద్రం దీని రూపకల్పనలో పాలుపంచుకొన్నాయి. దేశాన్ని సుమారు 4 మీటర్ల గడులుగా విభజించి ఒక్కొక్క గడికి పది అక్షరాల, అంకెల గుర్తు ఇచ్చారు. గుర్తు ఎంత బాగున్నా అవతలి వారికి దానిని విప్పే సాధనం ఉన్నదో లేదో ముందు అడగాలి. ఉమ్మడిగా తెలిసిన రూపమే ఆపదలో మేలయిన రూపం.

నోటి నుండి చెవికి

రేడియోలో మరొక శత్రువు గరగర శబ్దం. మీట నొక్కిన వెంటనే మాట్లాడితే మొదటి అక్షరాలు తెగిపోతాయి. ‘పంతొమ్మిది’లో తొలి అక్షరం తెగితే అటు వినబడేది ‘తొమ్మిది’. గాలివానలో ‘ఎనభై రెండు’కూ ‘యాభై రెండు’కూ భేదం తెలియదు. హిందీలో ‘ఉన్నీస్’, ‘ఉన్‌తీస్’లది కూడా ఇదే గతి: ఒకటి 19, రెండవది 29. హల్బీ, గోండీ, హిందీ, ఒడియా, తెలుగు కలిసి వినబడే జగదల్‌పూర్‌లో ఈ జాగ్రత్త రెండింతలు అవసరం.

అందుకే మీట నొక్కి ఒక క్షణం ఆగాలి. సంఖ్యను అంకె అంకెగా విడదీసి పలకాలి: “ఉత్తరం. ఒకటి తొమ్మిది డిగ్రీలు. ఒకటి రెండు బిందువు మూడు ఎనిమిది మూడు నిమిషాలు.” దిక్కు ముందు, అంకెలు తరువాత, ప్రమాణం వెంటనే. విన్నవారు ఆ సందేశాన్ని మొదటి నుండి చివరి వరకు తిరిగి చదివి వినిపించాలి. పంపినవారు తెరను చూస్తూ దానిని సరిపోల్చి “సరి” అనేవరకు సందేశం చేరినట్లు లెక్క కాదు. “అందింది” అన్న ఒక్క మాట చెవికి చేరినదని మాత్రమే చెబుతుంది. సరిగా చేరినదని చెప్పదు.

అంకెలకు ఒక సాక్షిని కూడా జతచేయాలి. “చిత్రకోట జలపాతం దిగువన, కుడి ఒడ్డు” అన్న నాలుగు మాటలు అంకెలతో పాటు వెళ్ళి ఉంటే, బార్సూరు వైపు చూపిన బిందువును చూసి పటం ముందున్న మనిషి వెంటనే అనుమానించి ఉండేవాడు. అంకె, గురుతు ఒకదానినొకటి సరిచూస్తాయి. కొలిచిన సమయం కూడా చెప్పాలి, ఎందుకంటే వరదలో మనిషి, పడవ ఉన్న చోట ఉండవు.

ఇవన్నీ నేర్వడానికి విపత్తు వచ్చేవరకు ఆగవలసిన పనిలేదు. సేవాదళాలు ఒక తీరిక దినాన ఇద్దరిద్దరుగా విడిపోయి, ఒకరు ఊరి వెలుపల ఒక చెట్టు క్రింద నిలబడి స్థానం పలకడం, మరొకరు ఆ మాటనే ఆధారంగా చేసుకొని అక్కడికి నడచి రావడం అభ్యాసం చేయవచ్చు. జిల్లా అధికారులు, అంబులెన్సు వారు, హెలికాప్టరు చోదకులు ఏ రూపాన్ని కోరుతారో ముందుగానే అడిగి, దానిని రేడియో ప్రక్క గోడమీద పెద్ద అక్షరాలతో వ్రాసి పెట్టుకోవచ్చు. దీనికి ఖర్చయ్యేది ఒక సుద్దముక్క, ఒక సాయంత్రం.

2013 జూలై 1న శ్రీహరికోట నుండి స్వదేశీ స్థాననిర్ణయ వ్యవస్థకు చెందిన తొలి ఉపగ్రహం నింగికి ఎగిసింది. వేలాది కిలోమీటర్ల ఎత్తునుండి అటువంటి ఉపగ్రహాలు మన స్థానాన్ని గజాల లెక్కన చెప్పగలుగుతున్నాయి. ఆ తరువాత మిగిలే దూరం చాలా తక్కువ: ఒక నోటికీ ఒక చెవికీ మధ్య ఉన్నంత. దానిని దాటించడం మాత్రం మనుషుల పని.